ఫోన్ ఎత్తకపోతే: ఒక ఆన్‌లైన్ కౌన్సెలింగ్ కేసు

గుర్తుపట్టే వీలున్న వివరాలన్నీ మార్చేశాను. వయసు, ఉద్యోగం, ప్రమాదం జరిగిన తీరు అసలువి కావు. ఒకే తరహాలో నడిచిన కొన్ని కేసుల్లోని అంశాలను ఒక జంట కథగా కలిపి రాస్తున్నాను. స్కోర్లు కూడా ఆ కథకు తగ్గట్టు పెట్టినవే. పని చేసిన పద్ధతి, దాని వెనకున్న ఆలోచన మాత్రం ఉన్నదున్నట్టు ఇస్తున్నాను.

వచ్చిన సమస్య

ఆయనకు ముప్ఫై దాటాయి. పెళ్లయి ఆరేళ్లు. ఆఫీసు ఉద్యోగం. మొదటి సెషన్‌కు ముందు నింపే ఫారంలో "సహాయం దేనికి కావాలి?" అన్నచోట ఒకే వాక్యం రాశారు: "మా ఆవిడకి నేనంటే విసుగొచ్చేసింది, నన్ను నేను ఎలా మార్చుకోవాలో తెలియట్లేదు." కింద ఉన్న జాబితాలో భార్యాభర్తల సమస్యల దగ్గర టిక్ పెట్టారు. యాంగ్జైటీ (ఆందోళన), ట్రామా (మానసిక గాయం) గడులు ఖాళీగా వదిలేశారు. ప్రమాదాలు, పెద్ద అనారోగ్యాల గురించి అడిగే చివరి ప్రశ్నకు జవాబు ఇది: "ఏడాది కిందట ఒక కారు యాక్సిడెంట్. ఎవరికీ ఏం కాలేదు."

గొడవంతా ఫోన్ చుట్టూనే. భార్యకు రోజుకు పది పదిహేనుసార్లు చేస్తారు. ఎత్తకపోతే ఎత్తేదాకా చేస్తారు. ఆమె మీటింగ్‌లో ఉన్నారని తెలిసినా ఆగలేరు. ఒకసారి ఆమె కొలీగ్‌కి చేశారు, ఇంకోసారి నేరుగా ఆఫీసుకే వెళ్లిపోయారు. ఆమె లొకేషన్ ఆయన ఫోన్లో ఎప్పుడూ కనబడుతూ ఉండాలి. "నన్ను అనుమానిస్తున్నావా?" అని ఆమె ఎన్నిసార్లో అడిగారట. చివరికి విసిగిపోయి ఫోన్ సైలెంట్‌లో పెట్టడం మొదలుపెట్టారు. దాంతో ఫోన్లు ఇంకా పెరిగాయి.

"అనుమానం కాదు మేడం, జాగ్రత్త," అన్నారాయన.

ఈ మాట చాలామంది మగవాళ్ల నోట విన్నాను. వాళ్లలో కొందరి విషయంలో అది నిజం కాదు. భార్యను గుప్పిట్లో పెట్టుకునే మనిషి, భార్యకు ఏమవుతుందోనని వణికిపోయే మనిషి బయటికి ఒకేలా కనిపిస్తారు. అందుకే ఇక్కడ నేను అడిగే ప్రశ్న ఒకటుంది: ఆమె ఫోన్ ఎత్తాక ఏం జరుగుతుంది? గుప్పిట్లో పెట్టుకోవాలనుకునేవాళ్లకు ఆ జవాబు సరిపోదు. పక్కనెవరున్నారు, ఎందుకు లేటయింది, ఫొటో పంపు, ఇలా సాగుతుంది. భయపడే మనిషికి గొంతు వినపడితే చాలు.

ఆయన ఫోన్ తీసి కాల్ లిస్టు కెమెరాకు చూపించారు. ఆరు సెకన్లు. తొమ్మిది సెకన్లు. నాలుగు సెకన్లు. మధ్యలో ఎత్తని కాల్స్ ఎర్రగా వరసకట్టి ఉన్నాయి. "హలో అంటుంది, నేను పెట్టేస్తాను. ఏం మాట్లాడాలో కూడా ఉండదు మేడం."

ఇది ఒక సూచన, అంతే. ఒక్కవైపు మాట విని తేల్చే విషయం కాదు కాబట్టి, ముందు ముందు భార్యతో విడిగా మాట్లాడాల్సి ఉంటుందని అప్పుడే చెప్పాను, ఒప్పుకున్నారు.

కెమెరాలో కనబడిన సీటు

ఆన్‌లైన్ సెషన్లలో మనిషి ఎక్కడ కూర్చున్నాడన్నది కూడా సమాచారమే. ఇంట్లో ఏకాంతం దొరకదని ఆయన పార్కింగ్‌లో నిలిపిన కారులోంచి మాట్లాడేవారు. ఇలా చాలామంది చేస్తారు. నాకు వింతగా తోచింది వేరే విషయం. ఒక్కరే ఉన్నా ఎప్పుడూ వెనక సీట్లోనే కూర్చునేవారు. ముందు సీటు హెడ్‌రెస్ట్ ఫ్రేములో సగం అడ్డం వచ్చేది. రెండో సెషన్లో అడిగాను. కాసేపు కిటికీ వైపు చూసి, "ముందు కూర్చుంటే పక్క సీటు కనబడుతుంది," అన్నారు.

యాక్సిడెంట్ తర్వాత ఆ కారు అమ్మేశారు. ఇది వేరే కారు. అయినా ముందు సీట్లో కూర్చోలేరు. నడపక తప్పకపోతే పగటిపూట, దగ్గరి దూరాలకే, పక్క సీటు మీద బ్యాగు పెట్టి నడుపుతారు.

ఆన్‌లైన్ పనికి కొన్ని కట్టుబాట్లు మొదటి రోజే పెట్టుకున్నాం. ప్రతి సెషన్ మొదట్లో ఎక్కడున్నారో, చుట్టూ ఎవరున్నారో చెప్పాలి. కనెక్షన్ పోతే నేనే మామూలు ఫోన్‌కి చేస్తాను. అది కూడా కలవకపోతే ఎవరికి చేయాలో ఒక పేరు, నంబరు నా దగ్గర ఉండాలి. బండి కదులుతుంటే సెషన్ లేదు. ఎవరైనా దగ్గరికొస్తే "ఆ ఫైలు రేపు పంపిస్తాను" అంటారు, నేను వెంటనే మాట మారుస్తాను. రికార్డింగ్ ఇద్దరం చేయం. వినడానికి ఇవి ఆఫీసు నిబంధనల్లా ఉంటాయి కానీ, మధ్యలో స్క్రీన్ ఆగిపోతే ఏమవుతుందోనన్న టెన్షన్ ఉన్న మనిషి బాధాకరమైన జ్ఞాపకం దగ్గరికి రాలేడు.

అంచనా

గత నెల రోజుల ట్రామా లక్షణాలను కొలిచే పీసీఎల్-5లో 20 ప్రశ్నలు, మొత్తం స్కోరు 80. సాధారణంగా 31 నుంచి 33 దాటితే పీటీఎస్‌డీ, అంటే ట్రామా తర్వాత పట్టి పీడించే మానసిక సమస్య, ఉందేమోనని లోతుగా చూడాలి. ఆయనకు 48 వచ్చింది. ఆందోళనకు వాడే జీఏడీ-7లో 21కి 15, అంటే తీవ్రమైన స్థాయి మొదలయ్యే చోటు. డిప్రెషన్‌కు వాడే పీహెచ్‌క్యూ-9లో 11, మధ్యస్థం. అందులో తొమ్మిదో ప్రశ్న చావు, తనకు తాను హాని చేసుకోవడం గురించి ఉంటుంది. దానికి సున్నా పెట్టారు. సున్నా పెట్టినా ఆ ప్రశ్న నోటితో మళ్లీ అడుగుతాను. ఫారంలో రాయనిది గొంతులో తెలియడం నాకు కొత్త కాదు. ఇక్కడ అలాంటిదేమీ లేదు. తాగుడు లేదు. నిద్ర నాలుగైదు గంటలు.

గుండెదడ కోసం అప్పటికే డాక్టర్‌ను కలిశారు. ఈసీజీ నార్మల్. ప్రమాదం రోజు తలకు తీసిన స్కాన్ కూడా నార్మల్. ప్రశ్నపత్రాలతో రోగనిర్ధారణ జరగదు కాబట్టి సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపాను. పీటీఎస్‌డీ అని తేల్చింది ఆ డాక్టరే. మందుల గురించి కూడా చెప్పారు. ముందు థెరపీతో చూస్తానని ఈయన అంటే, లక్షణాలు తగ్గకపోతే మళ్లీ రమ్మన్న షరతుతో ఒప్పుకున్నారు.

పీటీఎస్‌డీ అన్న పేరు 1980లో డీఎస్ఎం-3తో, అంటే అమెరికన్ మానసిక వైద్యుల సంఘం జబ్బుల జాబితాతో, అధికారికంగా వచ్చింది. నిర్వచనాలు అప్పటినుంచి పెరుగుతూ వచ్చాయి. నాకు నచ్చేది 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11 వాడే పద్ధతి. జరిగినది ఇప్పుడే జరుగుతున్నట్టు మళ్లీ అనుభవంలోకి రావడం, దాన్ని గుర్తుచేసే వాటిని తప్పించుకు తిరగడం, ప్రమాదం ఇంకా పొంచి ఉందన్న భావన, ఈ మూడూ అందులో కీలకం. మూడోది ఈ కేసులో ఎంతలా పాకిందంటే, భార్యాభర్తల గొడవ వేషం వేసుకుని మరీ వచ్చింది.

ఒక్క దారం

వేర్వేరు సిద్ధాంతాల పద్ధతులు వాడే ఇంటిగ్రేటివ్ కౌన్సెలింగ్ అంటే అన్నిట్లోంచీ కాస్త కాస్త తీసుకుని కలపడమని కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లు అనుకుంటారు. అలా కలిపితే ఒకవారం శ్వాస, ఒకవారం బాల్యం, ఒకవారం ఆలోచనల చార్టు అవుతుంది. క్లయింట్‌కు ఎటు పోతున్నామో తెలియదు. 1992లో మనస్తత్వవేత్త స్టాన్లీ మెస్సర్ చెప్పిన పద్ధతి నాకు సరిపడుతుంది. ఒక సిద్ధాంతంలో కాళ్లు నిలుపుకుని, మిగతావాటిలోంచి తెచ్చినవాటిని దానిలో ఇముడ్చుకోవడం. అలా ఇముడ్చుకోవాలంటే కేసు మొత్తానికీ ఒక దారం దొరకాలి.

ఆ దారం మూడో సెషన్లో దొరికింది. రాత్రి, వర్షం, హైవే మీద లైట్లు లేకుండా ఆగిన లారీ. బ్రేకు కొట్టి, పక్కకు తిప్పి, కారు ఎడమవైపు లారీని రాసుకుంటూ వెళ్లి ఆగింది. ఎడమవైపు భార్య ఉన్నారు. ఆయన పేరుపెట్టి పిలిచారు. జవాబు లేదు. మళ్లీ పిలిచారు. లేదు.

"ఎంతసేపు?"

"పది నిమిషాలు మేడం. పైనే ఉండొచ్చు."

ఆమె స్పృహతప్పారు. తర్వాత తేరుకున్నారు, రెండు రోజులు ఆసుపత్రిలో ఉండి ఇంటికొచ్చారు. అందుకే అందరికీ "ఎవరికీ ఏం కాలేదు." ఈయన లోపల మాత్రం ఆ కొద్దిసేపట్లో ఒక మరణం జరిగిపోయింది. ఆమె లేచిన విషయం తెలుసు. కానీ ఆ తెలిసిన విషయం ఆ జ్ఞాపకంలోకి చేరలేదు. 2000లో మనస్తత్వవేత్తలు ఎలర్స్, క్లార్క్ చెప్పిన నమూనాకు కీలకం ఇదే: ట్రామా జ్ఞాపకం మిగతా జీవితంతో కలవకుండా విడిగా ఉండిపోతుంది, దాంతో గడిచిపోయిన ప్రమాదం ఇప్పుడున్నట్టే అనిపిస్తుంది.

పిలిచినా పలకకపోతే చనిపోయినట్టు. ఈ ఒక్క సమీకరణం పెట్టి చూస్తే అన్నీ వరసలోకి వస్తాయి. ఎత్తని ఫోన్ అంటే పలకని మనిషి. ఆరు సెకన్ల "హలో" అంటే బతికే ఉంది. ఆమె ఫోన్ సైలెంట్‌లో పెట్టినప్పుడల్లా, తెలియకుండానే, ఆయన్ని ఆ కారులోకి తోసేస్తున్నారు.

బాల్యంలో కూడా ఒక ముక్క ఉంది. ఇంట్లో కష్టం వచ్చినప్పుడు ఎవరూ నోరు విప్పేవారు కాదు. తల్లి ఆసుపత్రిలో ఉన్నప్పుడు పిల్లాడికి ఏ సంగతీ చెప్పకుండా వేరేచోట ఉంచారు. దీన్ని ఈ జబ్బుకు మూలం అని నేను అనను, ఎవరి బాల్యంలోనైనా వెతికితే ఏదో ఒకటి దొరుకుతుంది. కానీ భయాన్ని పైకి చెబితే ఎదుటివాళ్లు ఇంకా భయపడతారన్న నమ్మకం అక్కడిదే. ఏడాదిగా భార్యకు ఒక్కసారి కూడా "నాకు భయంగా ఉంది" అని చెప్పలేదంటే కారణం అది.

మొదటి అంచె

సైకియాట్రిస్ట్ జుడిత్ హెర్మన్ 1992లో ట్రామా నుంచి కోలుకోవడాన్ని మూడు దశలుగా చెప్పారు: భద్రత, జరిగినదాన్ని తలచుకుని దుఃఖించడం, మళ్లీ మనుషుల్లోకి రావడం. నేనూ ఆ వరసలోనే వెళ్తాను, కానీ మొదటి దశలోనే నెలలు గడిపేయడం నాకు ఇష్టం ఉండదు. చిన్నప్పటినుంచీ హింసలో పెరిగినవారికి అంత సమయం పట్టొచ్చు. పెద్దయ్యాక ఒక్క సంఘటనతో వచ్చిన పీటీఎస్‌డీకి, బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2018 మార్గదర్శకాల్లో ట్రామాపై దృష్టిపెట్టే సీబీటీకి (ఆలోచనలు, ప్రవర్తన మీద పనిచేసే థెరపీ) మామూలుగా 8 నుంచి 12 సెషన్లని ఉంది. "క్లయింట్ ఇంకా సిద్ధంగా లేరు" అని పదేపదే వాయిదా వేస్తుంటే, తప్పించుకుంటున్నది క్లయింటా, కౌన్సెలరా అని ఒకసారి చూసుకోవాలి.

ముందు గుండెదడ సంగతి. 1986లో డేవిడ్ క్లార్క్ ప్యానిక్‌కు ఇచ్చిన వివరణ ఆయనకు వెంటనే అర్థమైంది: దడ వస్తుంది, దాన్ని ముంచుకొస్తున్న ప్రమాదంగా చదువుకుంటాం, ఆ చదువుకోవడంతో దడ ఇంకా పెరుగుతుంది. ఆయన అయితే దాన్ని తన జబ్బుగా కాక, భార్యకు ఏదో అయిందనడానికి సూచనగా చదువుకునేవారు. "మనసు కీడు శంకించింది" అనేవారు. దడ వచ్చినప్పుడల్లా కీడు జరిగిందా అని ఆ వారం లెక్క రాసుకోమన్నాను. ఒక్కసారీ జరగలేదు.

గ్రౌండింగ్ కోసం, అంటే మనసును ఇప్పటి క్షణంలోకి తేవడానికి, అందరూ నేర్పే అయిదు వస్తువులు చూడు, నాలుగు తాకు పద్ధతి ఆయనకు పనిచేయలేదు. స్కూలు పిల్లాడిలా ఉందన్నారు. పనిచేసింది ఇది: చల్లగా ఉన్న డోరు హ్యాండిల్ మీద చెయ్యి వేసి, పైకి వినబడేలా ఆ రోజు తేదీ చెప్పి, "బండి ఆగి ఉంది. ఇంజన్ ఆపి ఉంది. వర్షం లేదు" అనడం. అప్పటికీ ఇప్పటికీ తేడాను నోటితో చెప్పించడం వల్ల జ్ఞాపకానికి తేదీ అంటుకుంటుంది.

ఫోన్లు ఆపేయమని నేను చెప్పలేదు. చేయాలనిపించిన ప్రతిసారీ ముందు రెండు విషయాలు రాసి, పది నిమిషాలు ఆగి, అప్పుడు చేయమన్నాను. ఏం జరిగిందని అనుకుంటున్నారు, దాన్ని ఎంత శాతం నమ్ముతున్నారు. తర్వాత అసలేం జరిగిందో పక్కన రాయాలి. మొదటి పేజీ నిండా "యాక్సిడెంట్, 90" అనే ఉంది. పక్క గడిలో "మీటింగ్", "లిఫ్ట్‌లో ఉంది", "చార్జింగ్ లేదు". పది నిమిషాలు ఇరవై అయ్యాయి, తర్వాత నలభై. భద్రత కోసం చేసే పనులు భయాన్ని తగ్గిస్తున్నట్టు కనబడుతూనే దాన్ని బతికిస్తాయి. ఎందుకంటే, ఫోన్ చేయకపోయినా ఆమె క్షేమంగానే ఉండేదని తెలుసుకునే అవకాశం ఎప్పటికీ రాదు. ఇదంతా బుర్రకెక్కింది. "నాకు తెలుసు మేడం, గుండెకే తెలియట్లేదు," అన్నారు. గుండెకు చెప్పాలంటే ఆ రాత్రిలోకి వెళ్లాల్సిందే.

ఆ రెండు నిమిషాలు

జ్ఞాపకం మీద పనిచేసే సెషన్లను తొంభై నిమిషాలకు పెంచాను. అవి కారులోంచి కాకుండా ఇంట్లో, తలుపేసిన గదిలో. కెమెరా కొంచెం దూరం జరిపించాను, ముఖంతో పాటు చేతులు, భుజాలు కూడా కనబడాలి. ఆన్‌లైన్‌లో ముఖం ఒక్కటే చూస్తే మోసపోతాం. మాట మామూలుగానే ఉంటుంది, కింద పిడికిళ్లు బిగుసుకుంటాయి. బాధ తీవ్రత ఎంతో సున్నా నుంచి పది దాకా చెప్పమని మధ్యమధ్యలో అడుగుతాను. సెషన్ అయ్యాక గంటసేపు డ్రైవింగ్ వద్దు.

మొదట రెండుసార్లు సరిగ్గా భార్యను పిలిచే చోటికి రాగానే వీడియో ఆగింది. "నెట్‌వర్క్ సరిగ్గా లేదు మేడం, వీడియో ఆపేస్తాను." తర్వాతి వారం సెషన్ రద్దు చేసుకున్నారు. మళ్లీ కలిసినప్పుడు నేను అడిగింది ఒక్కటే: "నెట్‌వర్క్ ఎప్పుడూ ఒకే చోట పోతోందండీ, గమనించారా?" నవ్వేశారు. ఆ నవ్వు తర్వాత చాలాసేపు మాట్లాడుకున్నాం. ఎడ్వర్డ్ బోర్డిన్ 1979లో కౌన్సెలర్, క్లయింట్ మధ్య పొత్తుకు మూడు అంగాలు చెప్పారు: లక్ష్యం, చేసే పని, అనుబంధం. మాకు లక్ష్యం కుదిరింది, అనుబంధం కుదిరింది, ఈ పని ఎందుకన్నది ఆయనకింకా కుదరలేదు. నేను తనను ఏడిపించాలని చూస్తున్నానేమోనని అనుమానపడ్డారట. ఏడవాల్సిన పనిలేదని, ఆ జ్ఞాపకంలో లేని ఒక సమాచారాన్ని అందులోకి చేర్చడమే పని అని చెప్పాక సర్దుకున్నారు. కార్ల్ రోజర్స్ 1957లో రాసిన నిజాయితీ, అంగీకారం, సహానుభూతి ఎన్ని టెక్నిక్కులొచ్చినా పక్కన పెట్టలేనివి ఎందుకో ఇలాంటప్పుడే తెలుస్తుంది.

ఆగిన క్షణం నుంచి అంబులెన్స్‌కి ఫోన్ చేసేదాకా తను చేసిన ప్రతి పనీ వర్తమానంలో చెప్పమన్నాను. బెల్టు తీస్తున్నాను. తలుపు రావట్లేదు. పిలుస్తున్నాను. భుజం పట్టుకున్నాను. ఫోన్ సీటు కిందికి పోయింది, చెయ్యి పెట్టి వెతుకుతున్నాను. దొరికింది. లాక్ తీయడానికి వేలు తడిగా ఉంది, రెండోసారికి తెరుచుకుంది. డయల్ చేస్తున్నాను. చివర్లో ఆయనే ఆగి, "ఇంతేనా?" అన్నారు. మళ్లీ అవే పనులు అదే వేగంతో చెప్పించి గడియారం చూశాం. రెండు నిమిషాలు కూడా నిండలేదు.

పది నిమిషాలు రెండైతే అపరాధభావం కూడా కదులుతుంది. "పది నిమిషాలు ఏమీ చేయకుండా కూర్చున్నాను" అన్నది ఏడాదిగా ఆయన మోస్తున్న నేరం. కూర్చోలేదు. ఆగకుండా చేయాల్సినవన్నీ చేశారు.

తర్వాత ఆ తెలిసిన విషయాన్ని జ్ఞాపకంలోకి చేర్చాం. పిలుస్తున్న క్షణానికి వచ్చి, కళ్లు తెరిచే, "ఆమె స్పృహతప్పింది. చనిపోలేదు. పొద్దున నాతో గొడవపడి ఆఫీసుకి వెళ్లింది," అని చెప్పాలి. గొడవ మాట ఆయనే కలిపారు. తీవ్రత తొమ్మిది నుంచి ఆరుకు, ఇంకో రెండు సెషన్లలో మూడుకు దిగింది.

ప్రమాదం జరిగిన చోటికి వెళ్లి చూడటం కూడా ఎలర్స్, క్లార్క్ పద్ధతిలో భాగం. మేం ఆ పని మొదట ఆన్‌లైన్ మ్యాపులో రోడ్డు ఫొటోలు చూస్తూ చేశాం, స్క్రీన్ షేర్ చేసి. పట్టపగలు, ఎండ, ఖాళీ రోడ్డు. లారీ ఆగిన చోటు మలుపు దాటిన వెంటనే ఉంది. ముందుగా కనబడే అవకాశమే లేదు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశారు. ఆన్‌లైన్ థెరపీ ఎదురుగా కూర్చుని చేసేదానికి తక్కువరకం ప్రత్యామ్నాయం అనేవాళ్లకు నేను చెప్పేది ఇదే: నా గదిలో అయితే ఆ కారు సీటు నాకు కనబడేది కాదు.

కళ్లను అటూ ఇటూ కదిలిస్తూ బాధాకరమైన జ్ఞాపకం మీద పనిచేసే ఈఎండీఆర్ గురించి అడుగుతారు కాబట్టి ఒక మాట. ఫ్రాన్సీన్ షపీరో 1987లో మొదలుపెట్టిన ఆ పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో పీటీఎస్‌డీకి సిఫారసు చేసిన వాటిలో చేర్చింది, ఆన్‌లైన్‌లోనూ చేయవచ్చు. ఈయనకు కూడా ఆ దారి చెప్పాను. లెక్కకట్టి, మాటల్లో పెట్టి అర్థం చేసుకునే స్వభావం కాబట్టి మేం చేస్తున్న పద్ధతినే ఎంచుకున్నారు.

ఆమెతో

జంటగా కూర్చోబెట్టే ముందు భార్యతో విడిగా, ఆయన ఇంట్లో లేని సమయంలో మాట్లాడాను. చుట్టూ ఎవరూ లేరని గది మొత్తం కెమెరాతో చూపించమన్నాను. ఇబ్బంది పడినా చూపించారు. డబ్బు ఎవరి చేతిలో ఉంది, స్నేహితులను కలవడానికి అడ్డు ఉందా, ఎప్పుడైనా బెదిరించారా, చెయ్యి చేసుకున్నారా అని సూటిగా అడిగాను. లొకేషన్ ఆపేసిన రోజు ఏం జరిగిందని కూడా. "ఏం లేదండీ. ఏడ్చాడు. నాకు ఆయనంటే భయం లేదు. ఊపిరాడట్లేదు, అంతే."

ఆమె గొంతులో భయం వినిపించి ఉంటే జంట సెషన్లు ఉండేవి కావు. హింస ఉన్నచోట ఇద్దరినీ ఒక స్క్రీన్ ముందు కూర్చోబెడితే, సెషన్లో ఆమె చెప్పిన నిజానికి స్క్రీన్ ఆపాక మూల్యం చెల్లించేది ఆమే. అప్పుడు ఆమె భద్రతే పని, అది కూడా వేరే మనిషి చూడాల్సిన పని.

ఇంకో విషయం కూడా ఆమెకు స్పష్టంగా చెప్పాను. ఆయన ఫోన్లకు కారణం తెలిసింది కాబట్టి భరించండి అని నేను అనను. కారణం వేరు, సాకు వేరు. జబ్బు ఆయనది, తగ్గించుకునే బాధ్యతా ఆయనదే. ఆమె ఫోన్ పక్కన పెట్టుకుని కాపలా కాస్తే అదీ ఒక భద్రతా చేష్టే అవుతుంది, కాకపోతే ఆమె చేతుల మీదుగా. ఈ మాటకు ఆమె మొహంలో మొదటిసారి కాస్త బరువు దిగినట్టు కనిపించింది.

జంట సెషన్లలో ఒకే ఫోన్‌లోకి ఇద్దరూ చూస్తూ నాకు ఫిర్యాదులు చెబుతుంటే పని జరగదు. కుర్చీలు ఒకదానికొకటి ఎదురుగా తిప్పించి, నాకు ఇద్దరూ పక్కనుంచి కనబడేలా పెట్టించాను. 1980లలో సూ జాన్సన్, లెస్లీ గ్రీన్‌బర్గ్ రూపొందించిన జంటల పద్ధతిలో మొదటి పని, గొడవను మనుషుల మధ్యలోంచి తీసి ఒక చక్రంగా ఇద్దరికీ చూపించడం. ఆయన వెంటపడతారు, ఆమె తలుపు మూస్తారు, తలుపు మూసుకున్నకొద్దీ ఆయన గట్టిగా కొడతారు. ఎవరు మొదలుపెట్టారన్న లెక్క తేలదు, తేల్చే అవసరమూ లేదు.

రెండో జంట సెషన్లో ఆయన ఆ రెండు నిమిషాల గురించి చెప్పారు. ఆమె అంతకుముందు వినలేదు. విని, కాసేపటికి అన్నారు: "నువ్వు అంబులెన్స్ వాళ్లకి చోటు చెప్పడం నాకు వినబడింది. ఉన్నానని చెబుదామనుకున్నా, నోరు పెగల్లేదు."

ఆయనకు ఇది తెలియదు. ఆమె ఎందుకు చెప్పలేదంటే, ఆ రాత్రి ఊసెత్తితే ఆయన బాధపడతారని. ఈయన ఎందుకు చెప్పలేదంటే, ఆమె భయపడుతుందని. ఒకరినొకరు కాపాడుకుంటూ ఏడాదిపాటు ఇద్దరూ నోరు మూసుకున్నారు, ఆ ఖాళీలోకి వచ్చి కూర్చున్నది అనుమానం.

"ఎక్కడున్నావ్?" అన్న ప్రశ్న మానేయాలని, దాని బదులు "భయంగా ఉంది, ఒక్కసారి గొంతు వినాలి" అని అడగాలని అనుకున్నాం. మొదటిది విచారణ, రెండోది సాయం అడగడం. ఆమె కాదనవచ్చు, "మీటింగ్ అయ్యాక చేస్తా" అనవచ్చు. ఆఫీసుకి చేరాక ఒక మెసేజ్ ఆమె ఇష్టంతో పెడతారు. కొలీగ్స్‌కి ఫోన్లు లేవు. మాట వినడానికి సులువుగానే ఉంది కానీ, "భయంగా ఉంది" అని నోటితో అనడానికి ఆయనకు ఆ జ్ఞాపకాన్ని ఎదుర్కోవడం కంటే కష్టమైంది. మొదట మెసేజ్‌లో టైప్ చేశారు, అదీ స్పెల్లింగ్ తప్పులతో.

ఆమె కూడా ఆ కారులో ఉన్న మనిషే. ఎడమవైపు లారీలు దగ్గరగా వస్తే ఇప్పటికీ కళ్లు మూసుకుంటారని మాటల్లో తెలిసింది. ఒకే కౌన్సెలర్ ఇద్దరికీ వ్యక్తిగత థెరపీ చేస్తే రహస్యాలు, పక్షాలు కలగలిసిపోతాయి కాబట్టి ఆమెను వేరొకరి దగ్గరికి పంపాను.

ఆన్‌లైన్ ఎవరికి కుదరదు

ఈ కేసు స్క్రీన్ మీద నడిచింది కదా అని అన్నీ నడవవు. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన బలంగా ఉండి, దగ్గర్లో పిలవడానికి ఒక్క మనిషీ లేనివారు, తమను హింసించే మనిషితోనే ఒకే ఇంట్లో ఉంటూ తలుపేసుకునే గది లేనివారు, జ్ఞాపకం రాగానే చాలాసేపు పిలుపుకు అందకుండా పోయేవారు, మత్తులో సెషన్‌కు వచ్చేవారు, వీళ్లకు ఎదురుగా ఒక మనిషి, ఒక గది కావాలి. మొదటి సెషన్లోనే ఇది చూసి చెప్పేయడం మంచిది. నాలుగు సెషన్లయ్యాక పంపిస్తే వదిలేసినట్టు అనిపిస్తుంది.

ప్రస్తుతం

కారు పని చివర్లో చేశాం. ఇంజన్ ఆపిన కారులో డ్రైవర్ సీట్లో కూర్చుని, పక్క సీటు మీది బ్యాగు తీసేసి, నాతో మాట్లాడటం మొదటి మెట్టు. అక్కడే ఒక సెషన్ మొత్తం పట్టింది. తర్వాత పగలు ఒంటరిగా, సాయంత్రం ఒంటరిగా, ఆ తర్వాత ఆమె పక్కన ఉండగా. నడిపేటప్పుడు నేను లైన్లో ఉండను. బయల్దేరే ముందు, వచ్చాక మాత్రం మాట్లాడుకున్నాం. ఆమె ఎప్పుడు ఎక్కాలన్నది ఆమె నిర్ణయం. ఒకసారి రానన్నారు, ఆ వారం ఆయన ఒక్కరే వెళ్లారు.

ముగించేనాటికి పీసీఎల్-5 17, జీఏడీ-7 6. మూడు నెలల తర్వాత చూస్తే పీసీఎల్-5 19, అంటే నిలబడింది. నిద్ర ఆరు గంటలు దాటింది. ఫోన్లు రోజుకు రెండో మూడో, వాటిలో కొన్ని ఆమె చేసేవే. లొకేషన్ మామూలు రోజుల్లో ఆపి ఉంటుంది. దూరప్రయాణమప్పుడు ఆమే ఆన్ చేస్తున్నారు, ఇద్దరికీ. ప్రమాదం జరిగిన తేదీ వచ్చే వారం మళ్లీ దడ పెరగొచ్చని ముందే రాసిపెట్టుకున్నాం: ఏ గుర్తులు కనబడితే జాగ్రత్తపడాలి, ఏ పద్ధతులు మళ్లీ తీయాలి, ఎన్నాళ్లు తగ్గకపోతే నాకు ఫోన్ చేయాలి. ఆ కాగితం కాపీ ఆమె దగ్గర కూడా ఉంది, ఆమె అడిగారు కాబట్టి.

గొడవలు పూర్తిగా పోలేదు. ఇప్పుడు డబ్బు గురించి, సెలవుల గురించి గొడవపడుతున్నారట, అది నా పని కాదని చెప్పాను. వర్షంలో రాత్రి హైవే మీద నడపడం ఆయన ఇంకా మొదలుపెట్టలేదు. అది తప్పించుకోవడమేనా అని ఆయనే అడిగారు. వర్షంలో రాత్రి హైవే ఎవరికైనా ప్రమాదమే, అవసరం పడనంతవరకు దాన్ని మెట్ల జాబితాలో పెట్టనన్నాను. ఆరు నెలలకు ఇంకో సెషన్ రాసుకున్నాం.